గోటికందని సిరా

పెట్టె తెరవగానే నేను చేసిన మొదటి పని, తెర మీదున్న కాగితాన్ని గోటితో గీకడం. కేబుల్ ఎక్కడ గుచ్చాలో చూపించే చిన్న బొమ్మ, దాని కింద రెండు లైన్ల సూచన, నల్లగా అచ్చు వేసినట్టు ఉన్నాయి. కొత్త ఫోన్ల మీద అంటించి పంపే ప్లాస్టిక్ పొర కాబోలనుకున్నాను. ఒక మూల గీకాను, రెండో మూల గీకాను. లేచి రాదే! పక్కనే ఉన్న మా అమ్మాయి నవ్వాపుకుంటూ "అది స్టిక్కర్ కాదు నాన్నా, తెరే" అంది. మరి నేనింకా స్విచ్ నొక్కలేదు. ఛార్జింగూ పెట్టలేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఒక్కసారి కరెంటిచ్చి రాసిన నాలుగు గీతలు ఓడెక్కి, గోదాముల్లో పడుకుని, కొరియర్ కుర్రాడి సంచీలో ఎగిరెగిరి పడి కూడా చెక్కుచెదరకుండా మా ఇంటికొచ్చాయి.

అప్పట్నుంచి "ఈ-రీడర్ కొనాలా, ట్యాబ్ కొనాలా?" అని నన్నెవరైనా అడిగితే, ముందు ఆ తెర గురించి చెప్పనిదే జవాబులోకి దిగను. అడిగినవాళ్లు ధరలూ మెమరీలూ రాసుకున్న పట్టిక పట్టుకొస్తారు. ఆ పట్టికలో అసలు సంగతి పడదు. రెండూ చూడ్డానికి పలకల్లాగే ఉంటాయి గానీ ట్యాబ్‌లో మనం చదివేది దీపాన్ని, ఈ-రీడర్‌లో చదివేది సిరాని.

ఇది పోలిక కోసం అన్న మాట కాదు. మామూలు ట్యాబ్ తెర వెనక నిజంగానే దీపం ఉంటుంది. దాని ముందు ద్రవ స్ఫటికాల పొర, ఆ పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు. మామూలుగా సెకనుకి అరవైసార్లు ఆ బొమ్మని మళ్లీ మళ్లీ గీస్తుంది. మీరు ఒకే పేజీని పావుగంటసేపు చదివినా సరే, గీస్తూనే ఉంటుంది. ఈ-రీడర్ ఒక్కసారి రాస్తుంది. మీరు పేజీ తిప్పేదాకా ఆ తెరకి కరెంటుతో పని లేదు.

ఆ సిరా పుట్టింది అమెరికాలో, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో. జోసెఫ్ జేకబ్‌సన్ అనే ఆచార్యుడు, ఆయన దగ్గర బారెట్ కొమిస్కీ, జె.డి. ఆల్బర్ట్ అనే ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు. 1997లో ఈ-ఇంక్ అనే కంపెనీ పెట్టారు, 1998లో 'నేచర్' పత్రికలో తమ సిరా ఎలా పనిచేస్తుందో రాశారు. తర్వాత కథ అందరికీ కొంచెం కొంచెం తెలిసిందే: 2004లో జపాన్‌లో సోనీ లిబ్రియే, 2007 నవంబరులో 399 డాలర్ల ధరకి అమెజాన్ కిండిల్. నాకు ఆ అమ్మకాల చరిత్ర మీద ఆసక్తి తక్కువ. సిరా బుడ్డీలో ఏముందన్నదే ఆసక్తి.

బుడ్డీ అన్నాను గానీ, ఉన్నవి లక్షలాది బుడ్డీలు. ఒక్కోటీ మనిషి వెంట్రుక మందానికి అటూఇటూగా ఉండే బుడగ. బుడగలో నీళ్లలా తేటగా ఉండే ఒక ద్రవం. అందులో తేలుతూ తెల్లపొడి, నల్లపొడి. తెల్లది టైటానియం డయాక్సైడ్, మన గోడలకి వేసే తెల్ల పెయింటులో ఉండేది అదే. తెల్ల రేణువులకి ధన విద్యుదావేశం ఇచ్చి ఉంచుతారు, నల్లవాటికి రుణావేశం. కింద నుంచి ధన విద్యుత్తు తగిలిందా, తెల్లవి తరిమినట్టు పైకొస్తాయి, నల్లవి అడుక్కి దిగుతాయి. తిప్పి పెడితే నల్లవి పైకి. కరెంటు తీసేస్తే? ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ ద్రవంలో రేణువులు కిందకి జారిపోకుండా, ఒకదానికొకటి అంటుకుని ముద్ద కాకుండా, మళ్లీ పిలిచినప్పుడు బద్ధకించకుండా ఉండేలా చూడడంలోనే ఉంది పనితనమంతా. బాగా ఉడికిన పప్పుచారు గిన్నె గంటసేపు కదపకుండా పెడితే ఏమవుతుందో మనకి తెలుసు. వీళ్లు ఏళ్ల తరబడి అలా కాకుండా చూశారు.

మరి ఆ బుడగ గోడ దేనితో కడతారు? ఆ కంపెనీ పేటెంటు పత్రాలు తిరగేస్తే జిలెటిన్, అకేషియా జిగురు అన్న మాటలు కనబడతాయి. అకేషియా జిగురంటే తుమ్మజాతి చెట్ల బంక. చదివి కాసేపు ఆగాను. దీపం మసిలో తుమ్మబంక కలిపి సిరా నూరుకున్న దేశం మనది. మసి కాగితాన్ని పట్టుకోవాలంటే ఆ బంక కావలసి వచ్చింది. ఇప్పుడూ సిరాని పట్టి ఉంచే పని దానికే పడింది, ఈసారి గోడగా. ఈ బుడగల విద్య కూడా పూర్తిగా కొత్తది కాదు. కార్బన్ కాగితం పెట్టకుండానే పై కాగితం మీద రాసింది కింద కాగితం మీద పడే బిల్లుబుక్కులు దుకాణాల్లో చూసే ఉంటారు. అమెరికాలో ఎన్‌సీఆర్ కంపెనీ 1950లలో చేసిన ఆ కాగితంలో ఉన్నది ఇలాంటి బుడగలే. కలం ఒత్తిడికి పగిలి రంగు విడుస్తాయి. అక్కడ పగలడమే పని, ఇక్కడ పగలకుండా ఉండడమే.

ఇంకో చిత్రం. ఈ బుడగల్ని ఎవరూ వరసల్లో పేర్చరు. అరుగు మీద పేడనీళ్లు అలికినట్టు పొరగా పూస్తారు, ఎక్కడ పడ్డది అక్కడే. కొలత అంతా కింద పరిచిన విద్యుత్తు గళ్లది. అంగుళానికి మూడొందల చుక్కల తెరలో ఒక గడి వెడల్పు మిల్లీమీటరులో దాదాపు పన్నెండో వంతు. ఒక బుడగ సగం ఈ గడి మీద, సగం పక్క గడి మీద పడిందనుకోండి, ఆ ఒక్క బుడగలోనే సగం తెలుపు, సగం నలుపు అవుతుంది. బుడగలు ఎంత అడ్డదిడ్డంగా పడినా అక్షరం అంచు చెదరదు. నేలంతా గతుకులున్నా ముగ్గు చుక్కలు తిన్నగా పడ్డట్టు.

ఇక పేజీ తిప్పినప్పుడు నల్లగా మెరిసే ఆ మెరుపు సంగతి. కొత్తవాళ్లకి ఇది నచ్చదు. "ఇదేంటండీ, ట్యూబ్‌లైటులా కొట్టుకుంటోంది" అంటారు. పలక మీద రాసిన తరం వాళ్లకి దీన్ని వివరించడం తేలిక. పలకని చేత్తో తుడిస్తే అక్షరం పోతుంది గానీ తెల్లటి చార మిగులుతుంది. రెండోసారి రాస్తే పాత అక్షరం కొత్తదాని వెనక దయ్యంలా నిలబడుతుంది. అందుకే అప్పుడప్పుడూ ఆకు పసరూ బొగ్గూ పెట్టి పలకంతా నల్లగా రుద్దేవాళ్లం. ఈ తెర చేసేదీ అదే. బద్ధకించి పాత చోటే ఉండిపోయిన రేణువుల్ని ఒకసారి ఈ కొసకీ, ఒకసారి ఆ కొసకీ తోసి, అప్పుడు కొత్త పేజీ రాస్తుంది. ప్రతి పేజీకీ అంత హడావుడి అక్కర్లేదు కాబట్టి ఇప్పటి రీడర్లు ఆరేడు పేజీలకో, అధ్యాయానికో ఒకసారి రుద్దుతాయి.

ఆ రుద్దడంలో లెక్క ఉంది. ఈ తెరకి నలుపు, తెలుపు కలిపి పదహారు ఛాయలు. ఒక చుక్క ఇప్పుడు ఏ ఛాయలో ఉంది, తర్వాత ఏ ఛాయలోకి వెళ్లాలి అన్న జంటలు పదహారు పదహార్లు రెండువందల యాభై ఆరు. ప్రతి జంటకీ ఎంతసేపు ఎటు తోయాలో ముందే రాసిపెట్టిన పట్టిక ఒకటి యంత్రంలో ఉంటుంది. ఆ పట్టికా ఒక్కటి చాలదు. చలికి కొబ్బరినూనె గడ్డకట్టినట్టు కాకపోయినా, లోపలి ద్రవం చల్లబడితే చిక్కబడుతుంది, రేణువులు నెమ్మదిస్తాయి. అందుకని వేడిని కొలిచే చిన్న పరికరం ఒకటి లోపల పెట్టి, వేడిని బట్టి వేరే వేరే పట్టికలు వాడతారు. అంతటితో ఆగలేదు. ఒకే చుక్కకి అస్తమానూ ఒకే వైపు విద్యుత్తు ఇస్తూ పోతే తెర పాడవుతుంది. కాబట్టి ఇటు ఎంత తోశారో అటూ అంత తోసి, చివరికి లెక్క సున్నాకి తేల్చాలి. షావుకారి చిట్టాలో జమా ఖర్చూ సరిపోయినట్టు, తెరలోని లక్షలాది చుక్కలకీ ఒక్కో ఖాతా. మీరు పేజీ తిప్పి, చెంచా టీ చప్పరించేలోపు ఈ పద్దులన్నీ సరిచేసి కూచుంటుంది.

రాత్రి చదువు కోసం వాళ్లు చేసిన ఏర్పాటు కూడా చూడదగ్గది. సిరాకి వెనక దీపం పెట్టి లాభం లేదు, కాగితం వెనక టార్చి వేసినట్టే. అందుకని 2012 నాటి కిండిల్ పేపర్‌వైట్‌లో దీపాన్ని ముందుకి తెచ్చారు. అంచున దాక్కున్న చిన్న చిన్న ఎల్‌ఈడీలు తెర మీద పరిచిన పల్చటి పారదర్శక రేకులోకి పక్కనుంచి వెలుగు పంపుతాయి. ఆ రేకు మీద కంటికి కనబడని గుంటలు వెలుగుని వంచి కిందకి, అంటే సిరా మీదకి దింపుతాయి. మన కంట్లోకి వచ్చేది అక్కడ పడి తిరిగొచ్చిన వెలుగు. దీపం పక్కన పెట్టుకుని పుస్తకం చదివినట్టే, కాకపోతే ఆ దీపం మిల్లీమీటరు ఎత్తులో పడుకుని ఉంది.

ఎండలో దీని తడాఖా వేరు. వేసవిలో మేడ మీద వడియాలకి కాపలా కూచున్నప్పుడు ట్యాబ్‌లో నా మొహం, వెనక కొబ్బరిచెట్టు తప్ప ఏమీ కనబడదు. రీడర్‌లో ఎండ ఎంత కాస్తే అక్షరం అంత నల్లగా తేలుతుంది. (వడియాలు ఎండే ఎండ ఏ యంత్రానికీ మంచిది కాదు. నీడన కూచోండి.)

మెచ్చుకుంటున్నాను కదా అని వాళ్ల ప్రకటనలన్నీ మెచ్చుకోను. ఒకసారి ఛార్జి చేస్తే పది వారాలు వస్తుందని 2021 పేపర్‌వైట్‌కి రాశారు. కింద చిన్న అక్షరాల్లో, రోజుకి అరగంట చదివితే అని ఉంటుంది. డెబ్బై అరగంటలు, అంటే ముప్ఫై అయిదు గంటలు. ట్యాబ్‌కి పది గంటలని చెబుతారు. మూడున్నర రెట్లు, మంచిదే. కానీ రోజూ నాలుగు గంటలు చదివేవాడికి పది వారాలు కాదు, తొమ్మిది రోజులు కూడా రాదు. కళ్ల గురించి చెప్పే మాటల్నీ నేను సగమే నమ్ముతాను. ట్యాబ్ వెలుతురు తగ్గించుకుని, అక్షరం పెంచుకుని, మధ్యమధ్య కళ్లార్పుతూ చదివేవాళ్లు హాయిగానే చదువుతున్నారు. నా మట్టుకు రీడర్ వల్ల కలిగిన మేలు కంటికి కాదు, చేతికి. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ బరువు 680 గ్రాములు. ఈ పేపర్‌వైట్ 205. వెల్లకిలా పడుకుని చదివే అలవాటున్నవాళ్లకి, నిద్ర ముంచుకొచ్చినప్పుడు ముక్కు మీద ఏది పడితే మేలో చెప్పనక్కర్లేదు.

ఇక మన అక్షరాల దగ్గరికి వద్దాం. అసలు పరీక్ష ఇక్కడే.

ఇంగ్లీషు అక్షరాలు చాలామటుకు నిలువు గీతలూ అడ్డ గీతలూ. తెలుగు అంతా వంపు. పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకింద మరో ఒత్తు. 'ద'కీ 'ధ'కీ తేడా అడుగున ఒక చిన్న గీత. 'ప' కి ఆ గీత తగిలిస్తే 'ఫ'. మొదటి కిండిల్ తెర అంగుళానికి 167 చుక్కలు, నాలుగే ఛాయలు. అందులో ఆ చిన్న గీత ఒకటి రెండు చుక్కల పని, ఉందో లేదో కళ్లు చికిలించి చూడాలి. ఇప్పటి మూడొందల చుక్కల తెర మీద 'మండలి' ఫాంటులో ఒక పేజీ తీసి భూతద్దం పెట్టి చూశాను. 'ళ' మెలిక మొదట్నుంచి చివరిదాకా తెగలేదు. వంపు అంచుల్లో నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద చుక్కలు మెట్లు కనబడకుండా సర్దుతున్నాయి. ఆ పదహారు ఛాయలు బొమ్మల కోసం అనుకుంటాం గానీ, మన భాషకి అవి అక్షరం కోసమే కావాలి.

అక్షరం చక్కగా గీస్తే సరిపోదు, సరైన చోట గీయాలి. 'లక్ష్మి' అన్న మాట తీసుకోండి. కంప్యూటరు దాచుకునే వరస ఇదీ: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. గుడి చిట్టచివర ఉంది. కానీ మనం చూసేటప్పుడు అది ఎగిరి 'క' నెత్తిన కూచోవాలి, 'ష' ఒత్తుగా మారి కిందకి దిగాలి, 'మ' దాని పక్కకి చేరాలి. బడిలో అయ్యవారు నేర్పిన ఈ సంగతి యంత్రానికి నేర్పడానికి హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు రాశారు. అది ఉన్నచోట లక్ష్మి నిండుగా ఉంటుంది. లేనిచోట పొల్లులు విడిపోయి, ఆవిడ ముక్కలు ముక్కలుగా దర్శనమిస్తుంది. ఫోన్లలో ట్యాబుల్లో ఈ బాధ ఎప్పుడో తీరింది. రీడర్లలో మోడల్ మోడల్‌కీ మారుతుంది, కొనేముందు ఒక తెలుగు ఈపబ్ ఎక్కించి 'లక్ష్మి'ని, 'స్వాతంత్ర్యం'ని చూసి మరీ కొనండి. ఇంకో మాట: రెండంచులూ సమంగా ఉండే అమరిక తీసేయండి. మన మాటలు పొడుగు. చిన్న తెర మీద లైనుకి నాలుగు మాటలు పట్టి, మధ్యలో వరికోత అయిన పొలంలా ఖాళీలు కనబడతాయి.

ఇంత చెప్పి, మా బాబాయికి మాత్రం నేను ట్యాబ్ కొనమన్నాను.

ఆయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. "ఏరా, నీ పలక లాంటిది నాకూ ఒకటి తెప్పించు" అని ఫోను చేశారు. "ఏం చదువుతారు బాబాయ్?" అంటే పెన్‌డ్రైవ్ పంపారు. మూడు వందల పుస్తకాలు. అన్నీ స్కాన్లే. పాత పత్రికలు, ప్రబంధాల వ్యాఖ్యానాలు, గ్రంథాలయాల్లో పురుగు తిన్న అంచులతో సహా ఫొటో తీసిన పేజీలు. ఇది ఆయన ఒక్కరి పరిస్థితి కాదు. తెలుగులో డిజిటల్ పుస్తకం అంటే చాలామటుకు పుస్తకం బొమ్మే, అక్షరాలు కావు. పాతవి సరే, నిన్నమొన్నటివీ అంతే. డీటీపీ వచ్చాక దశాబ్దాలపాటు మన పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లలో తయారయ్యాయి. వాటిలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల చోట కూచుని ఉంటాయి. అచ్చుకి వెళ్తే అందంగా ఉంటుంది, అదే ఫైలుని ఈ-పుస్తకంగా మార్చబోతే పిచ్చి గీతలు. యూనికోడ్‌లోకి మార్చాలి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి, ఆ ఖర్చు ఎవరు పెడతారు? 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు.

ఇప్పుడు కొలత చూడండి. డెమ్మీ సైజు పుస్తకం పేజీ ఎనిమిదిన్నర అంగుళాల పొడుగు. ఆరంగుళాల రీడర్ తెర పొడుగు నాలుగూ ముప్పాతిక. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే అక్షరం సగానికి కాస్త పైన మిగులుతుంది. నేనిందాక పొగిడిన ఒత్తుకింద ఒత్తు అక్కడ నల్లపూస. ఒక ఉపాయం ఉంది: మార్జిన్లు కత్తిరించి, తెరని అడ్డంగా తిప్పి, పేజీని రెండు మూడు ముక్కలుగా చదవడం. కొరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనిని ముచ్చటగా చేస్తుంది. నేను చేస్తాను. డెబ్బై రెండేళ్ల మనిషిని చేయమనలేను. పదంగుళాల ఈ-ఇంక్ తెరలూ వచ్చాయి, డెమ్మీ పేజీని నిండుగా చూపిస్తాయి, కానీ ధర చూస్తే మామూలు ట్యాబులు రెండు మూడు వస్తాయి.

పైగా ఆయన పెన్‌డ్రైవ్‌లో సగం చందమామలు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాన్ని బూడిద రంగులో చూడమని ఎలా చెప్పను? రంగుల ఈ-ఇంక్ ఉంది, కానీ ఆ సిరా మీద రంగు గళ్ల జల్లెడ పరుస్తారు. అక్షరాలకి మూడొందల చుక్కలుంటే రంగుకి నూటయాభయ్యే మిగులుతాయి, తెలుపు మసకబారుతుంది. ఆ పసుపులూ ఆ నారింజలూ పాత గోడ కేలండర్లా వెలిసిపోతాయి. వెనక దీపం ఉండాల్సింది ఇలాంటి బొమ్మలకే. పదంగుళాల ట్యాబ్ తెప్పించి, బోలెడు యాప్‌లు తీసిపారేసి, ఆంధ్రభారతి నిఘంటువు మొదటి వరసలో పెట్టి ఇచ్చాను. వేలితో లాగి ఒక్కో అక్షరాన్ని తమలపాకంత చేసుకుని చదువుకుంటున్నారు. మధ్యలో వాట్సాప్ మోగుతుంది, అది చూడ్డానికి వెళ్లి అరగంటకి గానీ తిరిగి రారు. ఆ సంగతి ఆయనే చెప్పి నవ్వుతారు.

నా దగ్గర రెండూ ఉన్నాయి. యూనికోడ్‌లో దొరికిన తెలుగు, ఇంగ్లీషు నవలలు రీడర్‌లో, మిగతావన్నీ ట్యాబ్‌లో. నిజానికి ట్యాబ్‌లో గడిపే సమయమే ఎక్కువ, పూర్తి చేసే పుస్తకాలు మాత్రం రీడర్‌లోనే ఎక్కువ.

కిందటి సంక్రాంతికి బాబాయి మా ఇంటికొచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అల్మరాలో రీడర్ కనబడితే తీసి చూశారు. పంటల హడావుడిలో నేను దాన్ని ముట్టుకుని రెండు నెలలైంది, ఛార్జి పూర్తిగా అయిపోయింది. తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు.

"ఛార్జింగ్ లేదంటోంది కదరా ఇది?"

"లేదు బాబాయ్."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏ నెల కిందటో చచ్చి ఉంటుంది."

"మరి నెల్లాళ్లుగా ఈ బొమ్మ దేని మీద నిలబడిందిరా?"

బుడగల కథ మొదలుపెడదామని నోరు తెరిచేలోపే, ఆయన బొటనవేలి గోరు తెర మూల దగ్గరికి వెళ్లింది.